నిందాస్తుతి లేని భక్తి

తెలుగు సినిమావాళ్ల నోట్లో పడ్డాక ‘కల్ట్’ అనే మాటకి మంచిరోజులొచ్చాయి. ఈమధ్య సినిమా కాస్త బావుంటే చాలు, “కల్ట్ బొమ్మ” అంటున్నారు. అభిమానులు తమని తామే “కల్ట్ ఫ్యాన్స్” అని మురిపెంగా చెప్పుకుంటున్నారు. అదే మాట మా ఆఫీసులో ఓ అరవయ్యేళ్ల అమెరికన్ దగ్గర అని చూడండి, మొహం మారిపోతుంది. నేనుండేది ఆరెగన్ రాష్ట్రంలో. ఇక్కడి పాతవాళ్లకి ఆ మాట వినగానే గుర్తొచ్చేది సినిమా కాదు, ఎర్రబట్టలూ సలాడ్ బార్లూనూ.

కథ చాలామందికి తెలిసిందే. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘వైల్డ్ వైల్డ్ కంట్రీ’ చూసినవాళ్లకి మరీను. 1981లో రజనీశ్ శిష్యులు ఇక్కడి ఎడారిలాంటి కొండల మధ్య సుమారు 64 వేల ఎకరాల పశువుల క్షేత్రం కొన్నారు. నాలుగేళ్లలో అక్కడ ఓ ఊరే లేపారు. ఆనకట్ట, విమానాలు దిగే చోటు, బస్సులు, సొంత పోలీసులు, పొలాలు అన్నీ వాళ్ల చేతులమీదుగానే. స్వామివారికి తొంభైకి పైగా రోల్స్‌రాయిస్ కార్లు. పక్కనున్న యాంటిలోప్ అనే చిన్న ఊళ్లో ఓట్లతో గెలిచి, దాని పేరు కూడా మార్చేశారు.

ఆ ఊపులో జిల్లా ఎన్నికలమీద కన్నేశారు. 1984 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ద డాల్స్ అనే పట్టణంలో పది హోటళ్ల సలాడ్ బార్లలో సాల్మొనెల్లా బాక్టీరియా కలిపారు. ఓటర్లు మంచాన పడితే ఎన్నికలు తమవి అవుతాయని లెక్క. 751 మంది జబ్బుపడ్డారు. అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు. పోర్ట్‌లాండ్ నుంచి కొలంబియా నది వెంట తూర్పుగా వెళ్తే 80 మైళ్లకు పైగా ఉంటుంది ఆ ఊరు.

ఇందులో నన్ను తొలిచే విషయం విషం కాదు, దాన్ని కలిపినవాళ్ల చదువు. ఆ ఊరు కట్టినవాళ్లలో డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టులు, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు ఉన్నారు. చదువులేనివాళ్లూ అమాయకులే ఇలాంటివాటిలో పడతారని మనకో నమ్మకం. అది మనల్ని మనం ఊరడించుకునే మాట. 1997 మార్చిలో కాలిఫోర్నియాలో హెవెన్స్ గేట్ అనే బృందంలో 39 మంది, తోకచుక్క వెనక వస్తున్న నౌక ఎక్కుతామని నమ్మి ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల బతుకుతెరువు ఏమిటో తెలుసా? వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడం. అంటే మన కులవృత్తే! కోడ్‌లో తప్పులు పట్టే బుర్ర నమ్మకంలో తప్పులు పడుతుందన్న గ్యారంటీ ఏమీ లేదన్నమాట.

మరి భక్తి అంతా కల్టేనా అంటే, కాదు. గీత ఎక్కడ గీయాలన్నది నాకు మన సాహిత్యంలోనే దొరికింది. తెలుగులో నిందాస్తుతి అని ఓ సంప్రదాయం ఉంది. తిడుతూ పొగడడం. కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో కూర్చుని, రాముడికీ సీతమ్మకీ తమ్ముళ్లకీ చేయించిన నగలు ఒక్కొక్కటీ లెక్క చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం పొడుగునా శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువుని ఎత్తిపొడుస్తూనే ఉంటాడు. వాళ్లని ఎవరూ గుళ్లోంచి వెళ్లగొట్టలేదు. పైగా మనం ఇప్పటికీ పాడుకుంటున్నాం, చదువుకుంటున్నాం.

సాక్షాత్తూ దేవుణ్ణి నిలదీసిన భాష మనది. అదే భాషలో ఇవాళ ఓ హీరో సినిమా రెండో సగం సాగిందని రాసి చూడండి. ఓ నాయకుడు ఫలానా హామీ ఎందుకు నిలబెట్టుకోలేదని అడిగి చూడండి. మీరు అడిగినదానికి జవాబు రాదు. మీరెవరి మనిషో, మీ కులమేమిటో, ఎంత తీసుకున్నారో అనే ప్రశ్నలు వస్తాయి. “పెయిడ్ బ్యాచ్” అనే రెండు మాటలు చాలు, ఇక ఆలోచించే శ్రమ ఉండదు. రాబర్ట్ లిఫ్టన్ అనే మానసిక వైద్యుడు 1961లో రాసిన పుస్తకంలో, మనుషుల మనసుల్ని గుప్పిట్లో పెట్టుకునే వ్యవస్థల లక్షణాలు ఎనిమిది చెప్పాడు. ఆలోచనని అక్కడికక్కడ ఆపేసే ఇలాంటి ముద్రమాటలు వాటిలో ఒకటి.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్లో ‘పుష్ప 2’ ప్రీమియర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. తెల్లారేసరికి ఫోన్లలో మొదలైన వాదనల్లో ఎక్కువభాగం ఆ తల్లి గురించి కాదు. తప్పు మా హీరోది కాదనీ, మీ హీరోకైతే ఇలాగే అంటారా అనీ. రాజకీయమైనా, సినిమా అయినా, స్వామీజీ అయినా, చనిపోయిన మనిషికంటే బతికున్న పెద్దమనిషి పరువు ముఖ్యమైపోయిందంటే అక్కడ గీత దాటినట్టే.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ సరిగ్గా దీన్ని గురించే హెచ్చరించాడు. మతంలో భక్తి ఆత్మకి మోక్షమార్గం అయితే అవచ్చుగానీ, రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అని ఆయన భావం. ఇక్కడ ప్రవాసంలో మనం ఆ హెచ్చరికని రెండింతలు పట్టించుకోవాలి. ఎందుకో చెప్తాను.

కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఎయిర్‌పోర్టులో దింపుకునేది ఎవరు? గది దొరికేదాకా సోఫా ఇచ్చేది ఎవరు? ఉద్యోగం పోయి వీసా గడువు నెత్తిన కూర్చుంటే, రెజ్యుమే పదిమందికి పంపేది ఎవరు? చాలాసార్లు ఏదో ఓ అభిమాన సంఘమో, పార్టీ ఎన్నారై విభాగమో, సత్సంగమో. ఆ మేలు నిజమైనది. నేను వెక్కిరించను. కానీ ఆ మేలు అందుకున్న చోటే నోరు విప్పడం కష్టం. రజనీశ్‌పురంలో జరిగింది అదే. ఇల్లూ డబ్బూ స్నేహాలూ అన్నీ అక్కడే పెట్టినవాళ్లకి, అనుమానం వచ్చినా బయటికి నడవడానికి బయట ఏమీ మిగల్లేదు.

నా స్నేహితుడొకడు, కాలేజీ హాస్టల్ నాటివాడు, ఓ పార్టీకి ఇక్కడ పదేళ్లు చాకిరీ చేశాడు. చందాలు పోగుచేశాడు, ఎన్నికలప్పుడు సెలవు పెట్టి ఊరెళ్లి ప్రచారం చేశాడు. మొన్నీమధ్య వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: మా ఊరికి ఇస్తామన్న తాగునీటి పథకం ఏమైంది? ఇరవై నిమిషాల్లో గ్రూపులోంచి తీసేశారు. అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ తర్వాత అదే బృందంలోని ఓ ఇంట్లో పిల్లాడి పుట్టినరోజుకి వీళ్లని పిలవలేదు. ఏడేళ్ల వాడి కూతురు, “నాన్నా, మనమేం చేశాం?” అని అడిగిందట. నాకీ సంగతి చెప్తూ వాడు నవ్వడానికి ప్రయత్నించాడుగానీ, నవ్వు రాలేదు.

కాబట్టి నాకు తోచిన పరీక్షలు రెండే. ఒకటి, మీ పెద్దమనిషి చేసిన తప్పు ఒక్కటైనా మీ బృందం మధ్య నిలబడి పైకి చెప్పగలరా? రెండు, రేపు మీరు బయటికొచ్చేస్తే మీ పిల్లల్ని పుట్టినరోజుకి పిలుస్తారా? రెండింటికీ అవునంటే అది అభిమానమే, హాయిగా ఈలలు వేసుకోండి, కాగితాలు ఎగరేసుకోండి (థియేటర్ ఊడ్చేవాళ్లకి కాస్త సాయం చేసి రండి). కాదంటే మాత్రం ఆలోచించుకోవలసిందే.

ఇక మన ఇంట్లోవాళ్లో స్నేహితులో లోపల ఇరుక్కుపోయారనుకోండి. వాదనకి దిగి లాభం లేదు. లింకులు పంపితే మరీ బిగుసుకుపోతారు. చెయ్యగలిగింది ఒకటే, వాళ్లకి బయట ఓ చోటు మిగిలేలా చూడడం. అభిప్రాయాలు కలవకపోయినా ఆదివారం భోజనానికి పిలవడం, పిల్లల్ని కలిసి ఆడుకోనివ్వడం, వాళ్ల హీరో సినిమా పోయిన రోజున ఫోన్ చేసి ఏడిపించకుండా ఉండడం. ఏదో ఓ రోజు వాళ్లకీ ఓ ప్రశ్న పుడుతుంది. అది అడిగినందుకు గ్రూపులోంచి తీసేసిన సాయంత్రం వాళ్లు ఎవరికో ఒకరికి ఫోన్ చెయ్యాలి కదా. ఆ నంబరు మీదయ్యేలా చూసుకోండి.