ఖద్దామా ఎవరి పేరు?

కువైట్‌లోని మంగఫ్‌లో మన తెలుగువాళ్ళ మధ్య ఒక వాదన బాగా చెల్లుబాటవుతోంది. 'ఖద్దామా' అంటే అరబ్బీలో సేవ చేసే ఆడమనిషి అని అర్థమట. చేసే పనికి ఉన్న పేరే కాబట్టి తప్పుపట్టడానికేమీ లేదట. నేనీ వాదనను ఒప్పుకోను. మాట బరువు నిఘంటువులో దొరకదు. ఎవరు, ఎవరిని, ఏ గొంతుతో అంటున్నారో వింటే తెలుస్తుంది.

బ్రిటన్‌లో ఎర్రజుట్టు వాళ్ళను 'జింజర్' అంటారు, అంటే అల్లం. పైకి అందులోనూ తిట్టేమీ లేదు. ముద్దుపేరేనని సర్దిచెప్పేది మాత్రం జుట్టు ఎర్రగా లేనివాళ్ళు. 2008 నవంబరులో 'జింజర్లను తన్నే రోజు' అంటూ ఇంటర్నెట్‌లో పిలుపు పుడితే, కెనడా బడుల్లో ఎర్రజుట్టు పిల్లలను తోటిపిల్లలు నిజంగానే తన్నారు. మాట ముందే అలవాటైపోయింది కనుకే కాలు అంత తేలిగ్గా లేచింది.

జుట్టు పుట్టుకతో వచ్చేది, ఖద్దామా పని పేరే కదా అంటారు. అయితే పని ముగిశాక ఆ పేరూ వదలాలి. వదలదే! కడప, రాజంపేట, రాయచోటి, గోదావరి పల్లెల నుంచి ఖాదిం వీసా (ఇంటిపని వీసా) మీద వచ్చిన మన ఆడవాళ్ళు సెలవురోజు ఫహాహీల్ బజారులో కనబడినా 'ఆమె ఖద్దామా లే' అంటాం. ఆ 'లే'లోనే ఉంది మన మనసంతా. అరబ్బు యజమాని అన్నదానికన్నా కంపెనీ వీసా మీదున్న మనవాడు అన్నప్పుడే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

ఇక్కడి చట్టం ఆమెను హక్కులున్న పనిమనిషిగా గుర్తించింది. 2015 నాటి 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పనిచేయించకూడదంది. వారానికొక రోజు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇమ్మంది. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదంది. 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. ఇవన్నీ చేతికందాలంటే ఆమె నోరు తెరిచి అడగాలి, పక్కన మనం నిలబడాలి. 'ఖద్దామాకు సెలవేమిటి?' అని మనలోనే ఒకడు నవ్వితే ఇంకెలా అడుగుతుంది?

పేరు తెలిస్తే పేరుతో పిలవండి. తెలియకపోతే అక్కా అనండి, పిన్నీ అనండి, ఊళ్ళో పిలిచినట్టే. ఇంకొకరికి చెప్పాల్సి వస్తే 'ఇంట్లో పని చేస్తుంది' అనండి చాలు.