ఉల్లికి గేటు వేసేది ఢిల్లీ, నష్టం మోసేది రైతు

పై వీడియోలో మలక్‌పేట ఉల్లి మార్కెట్ చూశారు కదా. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి రెండూ అక్కడికి వస్తాయి. కానీ రేటు తేల్చేది యార్డు ఒక్కటే కాదు, ఢిల్లీ ఉత్తర్వు కూడా.

2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు. డిసెంబర్ 8న ఎగుమతే ఆపేశారు. 2024 మే 4న గేటు తీశారు, సుంకం మాత్రం ఉంచారు. సెప్టెంబర్‌లో దాన్ని 20 శాతం చేసి, 2025 ఏప్రిల్ 1న పూర్తిగా ఎత్తేశారు. నారు పోసినప్పుడున్న రూలు గడ్డ పీకేసరికి ఉండట్లేదు.

బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ స్వేచ్ఛా వాణిజ్యాన్ని ధర్మంలా నమ్ముతూ పెరిగాడు. 1923లో కూడా దాన్ని గట్టిగా సమర్థించాడు. పదేళ్లు తిరిగేసరికి, ప్రపంచమంతా మాంద్యంలో ఉండగా, 1933లో డబ్లిన్‌లో మాట మార్చాడు. జ్ఞానం దేశాలు దాటాలి, సరుకు మాత్రం వీలైనంతవరకు ఇంటి దగ్గరే తయారవ్వాలి అన్నాడు. తొందరపడితే చెడుతుందని కూడా అక్కడే హెచ్చరించాడు.

ఇంటి సరుకు అన్న మాట మనకి కొత్త కాదు. 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి ఉంటే 200 లీటర్ల జీవామృతం రెడీ. పొటాష్‌కి దేశం దాదాపు పూర్తిగా దిగుమతి మీదే ఆధారపడుతోంది. జీవామృతానికి ఓడ అక్కర్లేదు.

కానీ మిత్రులారా, సహజ సాగు ఖర్చు తగ్గిస్తుంది, రేటును కాపాడదు. ఇది మనం ఒప్పుకోవాలి.

కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి చూడండి. చిన్న గడ్డ, ఘాటెక్కువ, మన వంటల్లో వాడరు. మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్ లాంటి చోట్లకే పోతుంది. 2020 సెప్టెంబర్ 14 నిషేధంలో దీన్నీ కలిపేశారు. అక్టోబర్ 9న గానీ చెన్నై పోర్టు నుంచి 10,000 టన్నులకి అనుమతి రాలేదు. ఆ ఉల్లి ఆపితే హైదరాబాద్‌లో ఎవరి కూర చౌకయింది? దీన్ని స్వయం సమృద్ధి అనరు.

పట్నంలో రోజు కూలీకి ఉల్లి రేటు పెరిగితే కష్టమే, కాదనను. అందుకే నాఫెడ్ లాంటి సంస్థలతో కొనిపించి నిల్వ చేస్తున్నారు, ఆ కొనుగోళ్లు పెంచాలి. చౌకగా ఇవ్వాలంటే ఆ ఖర్చు ఖజానా పెట్టుకోవాలి, రైతు కాదు.

నేనడిగేది ఒక్కటే. ఎగుమతి విధానం నారుమళ్లకి ముందే చెప్పాలి, ఆ పంట అమ్ముడయ్యేదాకా మార్చకూడదు. మీ రైతు సంఘం మీటింగులో ఈ తీర్మానం పెట్టండి. మా దగ్గర నేను పెడుతున్నా.