"పాత బండి కదండీ, ఆగుద్ది" అనకండి

ఈ మాట వింటే నాకు ఒళ్ళుమంట. వయసు మీద పడిందని ఏ ఇంజనూ దారిలో ఆగదండీ. డీజిల్ అందకో, కరెంటు తెగో, ఏదో ఒక కారణం ఉంటేనే ఆగుద్ది. వయసుతో రబ్బరు పైపు పగులుద్ది, వైరు కుళ్ళుద్ది, నిజమే. కానీ వాటికి పేరుంది, చోటుంది, ధర ఉంది. "పాతది" అనేది రోగం పేరు కాదు.

మన వైపు నడుస్తున్న పద్ధతి చూడండి. పికప్ నాలుగు రోజులకోసారి ఆగుద్ది. ఐదు నిమిషాలుండి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు లేస్తది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఆగి చావదు. ఇక మొదలు. ముందు ఫిల్టరు, తర్వాత నాజిల్స్, ఆఖరికి పంపు విప్పి షాపుకి. బిల్లు కట్టి, చిన్న రసాలు లోడు చేసుకుని నున్న మార్కెట్‌కి బయల్దేరితే ఆగిరిపల్లి చేరకుండానే మళ్ళీ ఆగుద్ది. పూత మాడిందంటే తేనెమంచు పురుగో, బూడిద తెగులో చూడకుండా మూడు డబ్బాలు అంటగట్టే మందుల షాపుకీ దీనికీ తేడా ఏముంది?

మెకానిక్ ఒక్కడినే తిట్టి లాభం లేదు. ఎప్పుడు ఆగుతోందని ఆయన అడిగితే "అప్పుడప్పుడు" అంటాం. ఆ ఒక్క మాటతో ఏ డాక్టరూ మందు రాయలేడు. అందుకే బండిలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. ఆగిన ప్రతిసారీ రాయండి: ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది, లోడుందా, ఎక్కుడా గతుకులా, ఇంజను ఎంత వేడిగా ఉంది, ఎంతసేపటికి లేచింది. అన్నిటికంటే ముఖ్యం, ఎలా ఆగింది?

తాళం తీసేసినట్టు టక్కున ఆగితే ముందు కరెంటు వైపు చూడాలి. పాత డీఐ ఇంజన్లు చాలావాటికి పంపు దగ్గర స్టాప్ సోలనాయిడ్ ఉంటది. తాళం తిప్పితే దానికి కరెంటు అంది డీజిల్ దారి తెరుచుకుంటది, కరెంటు పోతే మూసుకుంటది. గతుకులో ఒక్క వైరు వదులైతే చాలు, బంగారంలాంటి ఇంజను కూడా చచ్చిపోద్ది. ఆ వైరుకి చిన్న టెస్ట్ బల్బు కలిపి క్యాబిన్‌లోకి తెచ్చుకోండి. పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి చూడమనండి. బండి ఆగిన క్షణాన బల్బు ఆరితే తప్పు తాళం స్విచ్‌లోనో, ఫ్యూజు దగ్గరో, వైరులోనో ఉన్నట్టు. పంపు జోలికి ఎందుకు?

అలా కాకుండా దగ్గి దగ్గి, గుంజుకుంటూ ఆగిందా? డీజిల్ అందడం లేదు. చౌకైన చోటు నుంచి మొదలెట్టండి.

ఒకటి, ట్యాంకు మూత. గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులోకి గాలి చొరదు, డీజిల్ కదలదు. ఆగగానే మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి వెంటనే లేచి మామూలుగా నడిస్తే దొంగ దొరికినట్టే.

రెండు, నీళ్ళు. ఫిల్టరు కింద డ్రైన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలో పట్టండి. కాసేపు కదపకుండా ఉంచితే నీళ్ళు అడుగుకి దిగుతాయి. సీజన్ అయ్యాక బండిని అర ట్యాంకుతో నెలల తరబడి నిలబెడతాం, క్యాన్లలో డీజిల్ తెచ్చి పోస్తాం. నీళ్ళు చేరక ఏం చేస్తాయి?

మూడు, గాలి. ట్యాంకు నుంచి వచ్చే పైపుకి చిన్న పగులు ఉంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు గానీ గాలి మాత్రం లోపలికి పీలుస్తది. ఫిల్టరు నుంచి పంపుకి పోయే చోట జానెడు పారదర్శక పైపు వేసి చూడండి. బుడగలు పరిగెడుతుంటే ఎక్కడో గాలి తీస్తున్నట్టు.

నాలుగు, క్యాను. శుభ్రమైన డీజిల్ ఐదు లీటర్లు క్యానులో పోసి, ట్యాంకు లైను తప్పించి నేరుగా అందించండి. బాగా నడిస్తే జబ్బు ట్యాంకులోనో లైనులోనో ఉంది.

ఇవన్నీ అయ్యాకే పంపు మీద అనుమానం. వేడి మీద సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్నా లేవక, చల్లారాక లేస్తుంటే పంపు లోపల అరిగి ఉండొచ్చు. అప్పుడు విప్పించండి, తప్పు లేదు. రుజువు చూసి విప్పడం వేరు, ఊహించి విప్పడం వేరు.

"సీజన్‌లో ఇంత తీరికెక్కడిది?" అంటారు. రోడ్డు పక్కన ఎర్రటి ఎండలో కాయ మాగిపోతుంటే ఫోన్లు చేసుకుంటూ కూర్చునే తీరిక ఉందిగా! "కొత్తది కొంటే పోద్ది" అంటారు ఇంకొందరు. 2020 నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లకి డీజిల్‌లో నీళ్ళు ఇంకా పెద్ద శత్రువు. పాత అలవాట్లతో కొత్త బండి ఎక్కితే బిల్లు పెరుగుద్ది అంతే.

ఇది డబ్బుతో పోయే సంగతి కూడా కాదు. ఇంజను ఆగితే బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఆగిపోద్ది. రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడలు రాయిలా బిగుసుకుంటది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బరువెక్కుద్ది. నిండు లోడుతో, రాత్రిపూట, పల్లంలో దిగుతున్న మన డ్రైవరు గురించి ఆలోచించండి. వెనక లారీ వస్తుంటే "పాత బండి, అంతే" అని వాళ్ళ ఇంట్లోవాళ్ళకి చెప్తామా?

అందుకని ఇకమీదట పార్టు మార్చాలి అన్నవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "ఏం చూసి ఇది పోయిందంటున్నారు?" చూపిస్తే నిండు మనసుతో డబ్బులివ్వండి, తీసేసిన పార్టు ఇంటికి తెచ్చుకోండి. చూపించలేకపోతే బండిని వెనక్కి తిప్పండి. కాయ రేటు మన చేతిలో లేదు. పంపు విప్పాలో వద్దో చెప్పేది మాత్రం మనమే.