పుచ్చుకు పుట్టీ

ఈ టపా కొందరు మిత్రులకు రుచించదని తెలిసే రాస్తున్నాను. పాత ఇళ్ళ తలుపుల ఛాయాచిత్రాలు బ్లాగులలో పెట్టి, "ఆ రోజులే వేరు" అని రెండు వాక్యాలు చేర్చి, కింద ఇరవై వ్యాఖ్యలు అందుకోవడం మనలో చాలామందికి అలవాటు. నేనూ పెట్టాను, దాచుకోవడమెందుకు. అయితే ఆ చిత్రాలలో తలుపు పైభాగమే ఎందుకుంటుందో ఎప్పుడైనా గమనించారా? చెక్కిన పూలు, ఇత్తడి గుబ్బలు, గడియ గొలుసు అన్నీ పైనే. గడప దగ్గరి జానెడు ఎత్తు మాత్రం చిత్రంలోకి రాదు. కుళ్ళు ఉండేది అక్కడే.

బిచ్కుందలో మా తాతగారు కట్టించిన ఇల్లుంది. నిజాంసాగరు కట్టడం 1931లో ముగిసింది. ఆ తరువాత రెండు మూడేళ్ళకు ఈ ఇంటికి దర్వాజ నిలిపారని నాన్నగారు చెప్పేవారు. 2016 దాకా నిజామాబాదు జిల్లా, అప్పటి నుంచి కామారెడ్డి జిల్లా. తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపించే మూల మాది. మట్టిగోడలు, వాటిపై సున్నపు గిలాబు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ టేకు స్తంభాలు. పోయిన వానాకాలం చివర ఒక స్తంభం అడుగున రంగు పొక్కులు లేచి ఉంటే, స్క్రూడ్రైవరు మొనతో గీకి చూశాను. మొన పిడి దాకా దిగబడింది. లోపల కట్టె లేదు. ముదురు గోధుమరంగు పొడి, అడ్డంగా నిలువుగా పగిలిన చిన్న చిన్న ముక్కలు, బూజువాసన. దాని పక్క స్తంభానిదీ, పెద్ద దర్వాజ ఎడమ కమ్మిదీ అదే స్థితి.

సలహాలు రెండు రకాలుగా వచ్చాయి. హైదరాబాదు నుంచి మా తమ్ముడు ఫోనులో, "అన్నా, ఎందుకీ తిప్పలు? మంచి ధర ఉన్నప్పుడే దర్వాజ, స్తంభాలు అమ్మేద్దాం. ఇనుప పైపులు నిలబెట్టి మీద రేకులేస్తే నీకూ నిశ్చింత" అన్నాడు. పాత టేకు కొనుక్కుపోయి హోటళ్ళకూ విడిది గృహాలకూ అలంకారంగా అమ్మే వ్యాపారులకు కొదవ లేదు కదా. రెండవ సలహా ఒక దగ్గరి బంధువుది: రంపపు పొట్టు, జిగురు కలిపి గుంట పూడ్చి, పైన పుట్టీ లాగి, మెరిసే రంగు వేస్తే పదేళ్ళకు ఢోకా లేదట.

ఒకరు పారేయమన్నారు, ఒకరు దాచమన్నారు. ఈ రెండూ విరుద్ధమైన మాటలని లోకం అనుకుంటుంది. ఒకటి ఆధునికతట, రెండవది సంప్రదాయ రక్షణట. నా వాదమల్లా ఇవి రెండూ ఒకటేనని. కట్టె ఎందుకు కుళ్ళిందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఇక్కడ చిన్న పక్కదారి. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు కాకినాడలో ఉన్నాను. దగ్గరలోని తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పని తరతరాలుగా ఉంది. పక్కనే 1839 తుపానులో కొట్టుకుపోయిన కోరంగి రేవు. మంజీర పక్కన పుట్టినా గూడున్న పడవను దగ్గరగా చూసింది నేను అక్కడే. ఒడ్డుకు లాగిన ఒక పాత పడవ మీద గది గోడ పలకలు ఊడదీస్తున్న ముసలి వడ్రంగిని, నీళ్ళలో నానే అడుగు వదిలేసి పైన పొడిగా ఉండే గూడు బాగుచేస్తున్నారేమిటని అడిగాను. ఆయన నవ్వి, "అడుగు ఉప్పునీళ్ళలో ఉంటాదండి. దానికి పురుగు భయమే గానీ కుళ్ళు భయం తక్కువ. గూటి మీద వాన పడుద్ది చూడండి, కిటికీ మూలల్లో నిలుస్తాది, అక్కడ మొదలవుద్ది" అన్నాడు.

ఆ మాట శాస్త్రానికీ సరిపోతుంది. కట్టెను కుళ్ళబెట్టేది ఒక జాతి బూజు. కట్టెలో తేమ సుమారు 20 శాతానికి లోపల ఉంటే అది పుట్టనే పుట్టదు. ఉప్పు దానికి పడదు. వాననీరు, గాలి ఆడని సందు దానికి పుట్టిల్లు. అమెరికాలో వెనకటి ఓడలవాళ్ళు పక్కటెముకల మధ్య బస్తాలకొద్దీ ఉప్పు కూరేవారు అందుకే. 1765లో నీటిలోకి దింపిన ఇంగ్లండు యుద్ధనౌక విక్టరీ 1922 నుంచి పొడి రేవులోనే నిలబడి ఉంది. ఏ సముద్రమూ తాకని ఆ ఓడకు, వాననీరు దిగి పుచ్చిన పలకలు మార్చే పెద్ద మరమ్మతు 2022లో మొదలుపెట్టవలసి వచ్చింది.

కనుక అడగవలసిన ప్రశ్న ఒకటే: నీరు ఎటునుంచి వస్తున్నది?

మా ఇంట్లో దాదాపు డెబ్బై ఏళ్ళు చెక్కుచెదరని స్తంభాలు ఆ తరువాతి పాతికేళ్ళలో ఎందుకు పుచ్చాయి? ఆ డెబ్బై ఏళ్ళూ అవి రాతి దిమ్మెల మీద, నేలకు బెత్తెడు ఎత్తున నిలబడ్డాయి. తడిసినా గాలికి ఆరేవి. తరువాత మేమే "నీటుగా ఉంటుంద"ని వాకిట్లో సిమెంటు గచ్చు పోయించాము. దిమ్మెలు మునిగిపోయాయి, గచ్చు వచ్చి కట్టెకు ఆనుకుంది. సున్నపు గిలాబు రాలుతున్నదని గోడలకు సిమెంటు పూయించాము. సున్నం తేమను పీల్చి వదిలేది. సిమెంటు లోపలి తేమను బయటికి పోనీయదు. ఇక వీధిలో ఒకదానిమీద ఒకటిగా సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయారు. నాలుగు మెట్లెక్కి రావలసిన మా గడప ఇప్పుడు రోడ్డుకు సమానం. మాది నల్లరేగడి, తాగిన నీటిని తొందరగా వదలదు. గట్టి వాన కురిస్తే వీధి నీరు దర్వాజ కాళ్ళ దగ్గర నిలుస్తుంది.

టేకు చేవ తేలికగా లొంగదు. కానీ ఏళ్ళ తరబడి తడి కుండలో నిలబెడితే ఏ చేవ నిలుస్తుంది? ఈ నేరాన్ని మనం కాలం మీద మోపుతున్నాము. "పాతదైపోయింది, పోతుంది" అంటున్నాము. పాతదై పోలేదయ్యా, మనం బాగుచేసి పోయింది!

మా ఊరి వడ్లాయన వచ్చి, కూర్చుని, ఉలి వెనక్కి తిప్పి స్తంభాన్ని కింది నుంచి పైకి కొట్టుకుంటూ పోయాడు. గుల్ల శబ్దం ఆగి గట్టి శబ్దం వచ్చిన చోట బొగ్గుతో గీత గీసి, దానికి ఇంకో జానెడు పైన మరో గీత గీశాడు. మంచి కట్టెను కూడా ఎందుకు కోస్తావన్నాను. "సారూ, బూజు మన కంటికంటె ముందుంటది. ఈడ ఆశ పడితే మల్ల ఆడికే వస్తం" అన్నాడు. తరువాత అన్నది ఇంకా ముఖ్యం: "గా సిమెంటు తియ్యకుండ కట్టె మారిస్తే, పదేండ్లకు మల్ల నన్నే పిలుస్తరు. నేనుంటనో లేదో."

ముందు సిమెంటే తీశాము. గచ్చు పగలగొట్టి దిమ్మెలు బయటపెట్టాము. వాకిలి నీరు పోయే పాత మోరీ పూడిపోయి ఉంటే తవ్వించాము. దూలం కింద రెండు పక్కలా బల్లీలు నిలబెట్టి బరువు వాటి మీదకు మళ్ళించి, పది రోజులు ఆరనిచ్చి, అప్పుడు కోశాడు. అడ్డంగా తెగ్గొట్టలేదు, ఏటవాలుగా కోసి, కొత్త ముక్కనూ అదే వాలుకు చిత్రిక పట్టి, కుసి దింపి, రెండు చెక్క చీలలు బిగించాడు. కొత్త ముక్క అంటే కొత్తదేమీ కాదు, కూలిన పశువుల కొట్టం దూలంలోనిది. ఆ కట్టె వయసూ స్తంభం వయసూ ఒకటే. అడుగు కోతకు అవిసె నూనె మూడుసార్లు తాపించి దిమ్మె మీద నిలిపాడు. నాలుగు రోజుల పని. జపానులో గుడుల స్తంభాలకు సరిగ్గా ఈ పనే చేస్తారు, దానికి నెత్సుగి అని ఒక పేరుంది. మన వడ్లాయనకు పేరు లేదు, పని ఉంది.

అతుకు కనబడుతుంది. ఫోటో చూసి మా తమ్ముడి మొదటి మాట అదే: "అన్నా, మాసిక వేసినట్టుంది." అవును, మాసికే. విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో లండనులో పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టినప్పుడు పోరాడింది దీనికోసమే. చేసిన మరమ్మతు మరమ్మతులాగే కనబడాలి, పాతదానిలా నటించకూడదని. పుట్టీ నటిస్తుంది. పుట్టీ కింద తేమ బందీ అయి, రంగు నిగనిగలాడుతుండగానే కుళ్ళు పైకి ఎక్కుతుంది. ఈనాటి ఎపాక్సీ జిగుర్లంటే నాకు ద్వేషం లేదు. బాగా ఆరిన కట్టెలో చిన్న గుంటకు అవి పనికివస్తాయి. తడి కట్టె మీద పూస్తే మాత్రం అదీ పుట్టీయే, ధర ఎక్కువ, అంతే.

"డబ్బున్నవాళ్ళ ముచ్చట ఇది" అని వ్యాఖ్య రాయబోయే మిత్రులకు ముందే జవాబు: మూడింటికీ చేయించే శక్తి నాకూ లేదు, ఒక్కదానికే చేయించాను. కానీ మోరీ తవ్వడానికి, కట్టెకు ఆనిన సిమెంటును నాలుగు వేళ్ళ మేర పగలగొట్టడానికి పార, గడ్డపార చాలు. అంతమాత్రం చేసినా మిగతా కట్టె ఆరుతుంది, వ్యవధి దొరుకుతుంది. అదీ చేయక, పాత తలుపుల మీద కవితలు రాసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. వచ్చేసారి తలుపు ఫోటో పెట్టేటప్పుడు గడప కూడా వచ్చేలా తీయండి. దాని మీద మాట్లాడుకుందాం.

దర్వాజ కమ్మి మాటకొస్తే, రోడ్డు ఎత్తు తగ్గించడం నా చేతిలో లేదు. గడప ముందు అడ్డంగా ఒక కాలువ కోయించి, దానిమీద రాతిపలక పరిచాను. తమ్ముడు సంక్రాంతికి వస్తానన్నాడు, అమ్మే మాట అప్పుడు తేలుతుంది. రెండవ స్తంభం చుట్టూ సిమెంటు తీసేసి వదిలాను. వడ్లాయన రెండు రోజులకొకసారి వచ్చి చేత్తో తట్టి చూసి, "ఇంకా పచ్చిగనే ఉంది సారూ" అని వెళ్ళిపోతున్నాడు.