ప్రశ్న అమ్మనుడిలో పుట్టాలి

కంప్యూటరు చదువు ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో వినిపించే మాట ఒకటున్నది. "అది ఇంగ్లీషు విద్య, అందులో తెలుగుకు పనేమిటి?" హోసూరు, కోలారు, బళ్లారి, రాయగడ, షోలాపూరు, ఎక్కడైనా ఈ మాటకు ఎదురు చెప్పేవారు తక్కువ. చదువుకొన్నవారే అంటున్నారు కనుక అది నిజమే కావచ్చునని తల్లిదండ్రులు సరిపెట్టుకొంటున్నారు. ఈ మాటలో సగమే నిజమున్నది. మిగిలిన సగం మన పిల్లల నోరు కట్టేస్తున్నది.

నిజమైన సగం ఇది. ప్రోగ్రాములు రాసే భాషలలోని ఆజ్ఞలు ఇంగ్లీషు మాటల నుండి పుట్టినవే. 1970లలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషకు మొదటి ప్రమాణంలో ఉన్న ఆజ్ఞాపదాలు 32. గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్‌లో నేడున్నవి 35. ఈ కొద్దిపాటి మాటలను ఏ భాష పిల్లలైనా కొన్ని రోజులలో పట్టుకోగలరు. అసలు కష్టం అక్కడ లేదు. రాసిన ప్రోగ్రాము పనిచేయనప్పుడు ఎక్కడ తప్పిందో తెలుసుకోవడం, తెలియనిది మరొకరిని అడగడం, వారు చెప్పింది అర్థం చేసుకోవడం, ఇవే కష్టం. ఈ మూడూ జరిగేది యంత్రం భాషలో కాదు, మనిషి భాషలో.

ఒక ఉదాహరణ చూద్దాం. పైథాన్ కొత్తగా నేర్చుకొంటున్న అమ్మాయి రెండు పాఠ్యాంశాల మార్కులు అడిగి, వాటిని కూడి చెప్పే చిన్న ప్రోగ్రాము రాసింది. 23, 45 అని ఇచ్చింది. 68 రావాలి. తెరమీద 2345 అని వచ్చింది. తప్పు జరిగినట్లు కంప్యూటరు ఒక్క మాటా చెప్పలేదు. కారణం తెలిసినవారికి ఇది అరనిమిషం పని. మీటల మీద కొట్టిన దానిని పైథాన్ సంఖ్యగా తీసుకోదు, అక్షరాల వరుసగా తీసుకొంటుంది. రెండు అక్షరాల వరుసలను కలపమంటే పక్కపక్కన చేరుస్తుంది. ముందుగా వాటిని 'ఇంట్' అనే ఆజ్ఞతో సంఖ్యలుగా మార్చమని చెప్పాలి.

ఆ అమ్మాయి ఇంటిభాషలో అడిగితే ఏమంటుంది? "నేను కూడమన్నాను, అది పక్కపక్కన పెట్టింది" అంటుంది. జవాబులో సగం ఆ మాటలోనే ఉన్నది. ఇంగ్లీషులోనే అడగాలన్న నియమం పెడితే "ప్రోగ్రాం నాట్ వర్కింగ్ సర్" అని ఆగిపోతుంది. ఆ మాటలో పట్టుకోవడానికి పిడి లేదు. ఎంత మంచి గురువైనా దానికేం జవాబు చెప్పగలడు? రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి ఆమె అడగదు. "నాకు ఈ చదువు రాదు" అనుకొంటుంది. ఇంట్లోవారు "మన తెలుగు చదువు ఇంతే" అనుకొంటారు. నష్టం అమ్మాయికీ, భాషకూ కూడా.

పొరుగు రాష్ట్రాలలో మన పిల్లలకు ఈ చిక్కు రెండింతలు. హోసూరులో ఇంట తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుండి అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసిన తరువాత, బడిలో అమ్మనుడికి మిగిలిన చోటు మరింత కుంచించుకుపోయింది. రాయగడలో తమిళం స్థానంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ. తెలుగే ఊరిభాష అయిన యానాంలో సైతం ఇంజనీరింగు గడప తొక్కగానే పిల్లలకు ఇంగ్లీషే దిక్కు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించమంటున్నది. ఆ దశ దాటిన పిల్లల సందేహాలకు ఆ అధికరణం పూచీ పడదు. ఆ పూచీ మనం తీసుకోవాలి.

ప్రశ్నను మాటలలో పెట్టడం ఎంత గొప్ప సాధనమో ప్రోగ్రాములు రాసేవారికి బాగా తెలుసు. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ రాసిన 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' అనే పుస్తకం వల్ల ఒక పద్ధతి ప్రసిద్ధమైంది. బల్లమీద ఒక రబ్బరు బాతును పెట్టుకొని, రాసిన ప్రోగ్రామును వరుస వరుసగా దానికి వివరించాలి. బాతు బదులివ్వదు. కానీ చెప్పుకుపోతున్న మనిషికే మధ్యలో తన తప్పు తట్టుతుంది. బదులివ్వని బొమ్మతో మాట్లాడినా ఫలితముంటే, ఆ మాటలు ఏ భాషలో ఉండాలి? ఆలోచన ఏ భాషలో నడుస్తుందో ఆ భాషలోనే కదా!

ఇక సాయం చేసేవారి సంగతి. కొత్తవారికి తోడ్పడాలనుకొనే పెద్ద విద్యార్థులు ముందుగా నాలుగు ప్రశ్నలు తెలుగులో అడగాలి. ఏం చేయాలనుకొన్నావు? ఏం రాశావు? ఏం జరగాలని అనుకొన్నావు? ఏం జరిగింది? తెరమీద ఎర్రరు వస్తే దానిని ఉన్నదున్నట్లు చదివించాలి. 'నేమ్ ఎర్రర్' అని వస్తే చాలామంది పిల్లలు బెదిరిపోతారు. "నువ్వు వాడిన పేరు నాకు తెలియదు" అని మాత్రమే యంత్రం అంటున్నదని తెలుగులో చెబితే భయం పోతుంది, పేరులో జారిన అక్షరాన్ని వారే వెతుక్కొంటారు. మరొక నియమం: పిల్లల చేతిలోని కీబోర్డును లాక్కొని తప్పు దిద్దరాదు. దిద్దినవారికి గర్వం మిగులుతుంది, నేర్చుకొనేవారికి ఏమీ మిగలదు.

అన్నిటికంటె ముఖ్యం, యాసను వెక్కిరించరాదు. హోసూరు తెలుగు, బళ్లారి తెలుగు, బరంపురం తెలుగు దేనికదే నిండైన తెలుగు. "మీ తెలుగు తేడాగా ఉన్నదే" అన్న ఒక్క నవ్వు చాలు, ఆ బిడ్డ మళ్లీ నోరు విప్పకుండా చేయడానికి.

పారిభాషిక పదాల దగ్గర మనవారు కొందరు పట్టుదలకు పోతారు. వేరియబుల్, లూప్, ఫంక్షన్ వంటి మాటలకు నోరు తిరగని సంస్కృత సమాసాలు కట్టి పిల్లల నెత్తిన పెట్టనక్కరలేదు. ఆ మాటలు అలాగే ఉండనిచ్చి, వాటి వివరణ తెలుగులో చెప్పాలి. షోలాపూరు పద్మశాలీల ఇంటి పిల్లవాడికి లూప్ అంటే ఏమిటో చెప్పడం ఎంతసేపు? కావలసిన పొడవు నేత వచ్చేవరకు పడుగు మధ్య నాడె అటూ ఇటూ తిరగడమే లూప్. అంతేకాదు, ఏ పడుగు పోగు లేవాలో చిల్లుల అట్టలతో చెప్పే జకార్డు మగ్గం 1804 నాటిది. ఆ అట్టల ఊహనే చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రపు నమూనాకు తీసుకొన్నాడు. తాతల మగ్గానికీ, మనుమడి కంప్యూటరుకూ ఇంత దగ్గరి చుట్టరికముంటే, దానిని మన భాషలో చెప్పకపోవడం మన లోపం.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన నాటి నుండి మరో వాదన బయలుదేరింది. యంత్రమే తెలుగులో జవాబు చెబుతుంటే ఇక మనుషుల సాయమెందుకని. యంత్రాన్ని తెలుగులో అడగగలగడం సంతోషమే. కానీ "రెండు సంఖ్యలు కూడే ప్రోగ్రాము ఇవ్వు" అంటే అది సిద్ధాన్నం వడ్డిస్తుంది. 2345 ఎందుకు వచ్చిందో బిడ్డకు ఎప్పటికీ తెలియదు. యంత్రం తప్పు చెప్పిన నాడు పట్టుకోనూ లేదు. అడగడం వచ్చినవారికే ఆ యంత్రం పనిముట్టు, రానివారికి ఊతకర్ర.

ఉద్యోగాల పరీక్షలలో ఇంగ్లీషు కావాలి కదా అంటారా? కావాలి. ఇంగ్లీషు వద్దని ఎవరన్నారు? అర్థమైన విషయాన్ని ఇంగ్లీషులో చెప్పడం అభ్యాసంతో వస్తుంది. అర్థం కాని విషయాన్ని ఏ భాషలోనూ చెప్పలేము.

తెలుగు మాట్లాడడం వచ్చి రాయడం రాని పిల్లలు మన ప్రాంతాలలో ఎందరో ఉన్నారు. వారు నోటితోనే అడగనివ్వండి. అక్షరాలు వెనుకనే వస్తాయి. 2008లో వచ్చిన పైథాన్ మూడవ రూపం నుండి వేరియబుళ్లకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు. తన ప్రోగ్రాములో 'మొత్తం' అని తెలుగు అక్షరాలతో రాసి, అది పనిచేయడం చూసిన పిల్లవాడికి లిపి నేర్చుకోవడానికి కారణం దొరికినట్లే. పండుగనాటి ఉపన్యాసాలు పుట్టించలేని కోరిక అది.

హోసూరు, కోలారు నుండి బెంగుళూరు సాఫ్టువేరు సంస్థలకు వెళ్లి పనిచేస్తున్న మన యువతీయువకులు తక్కువేమీ కాదు. ప్రతి ఊరి తెలుగు సంఘమూ వారానికొక సాయంత్రం తన గదిని తెరిచి, ఇద్దరు పెద్ద విద్యార్థులను కూర్చోబెట్టి, "మీ ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో తెలుగులో చెప్పండి" అని పిల్లలను పిలవాలి. ఖర్చు ఒక దీపానిది, రెండు బల్లలది. ఉగాది వేదికకు అయ్యే దానిలో అది ఏపాటి? భాషాహక్కు అంటే నామఫలకాల మీద అక్షరాలు మాత్రమే కాదు. తెలియనిదానిని తనకు వచ్చిన భాషలో అడగగలగడం కూడా హక్కే. దానిని మన పిల్లలకు ముందుగా ఇవ్వవలసినది ప్రభుత్వాలు కాదు, మనమే.