కాలేయము చెడిన బిడ్డయు, ఇరుగుపొరుగును

2015వ సంవత్సరము జూన్ మాసమున నాటి చిత్తూరు జిల్లాలోని యొక పేద దంపతులు తమ యాడుశిశువునకు కారుణ్యమరణము ననుగ్రహింపుడని న్యాయస్థానమునకు మనవి చేసికొనిరి. బిడ్డకు అప్పటికి ఏడాదియైనను నిండలేదు. కాలేయము చెడినది, దానిని మార్చుట తప్ప వేఱు మార్గము లేదని వైద్యులు చెప్పిరి, అందులకగు సొమ్ము వారు పుట్టెడు జన్మలు కూలి చేసినను కూడునది కాదు. వార్త పత్రికలకెక్కిన పిదప రాష్ట్ర ప్రభుత్వము వ్యయము భరించుటకు ముందునకు వచ్చెను. తండ్రి కాలేయములో కొంత భాగము తీసి, చెన్నపట్టణమున ఆ శిశువునకు అమర్చిరి.

ఈ ప్రసంగము వచ్చినప్పుడెల్ల “కన్నవారే చావు కోరుదురా?” అని ముక్కున వ్రేలు వేసికొనువారు నేటికిని కలరు. మేము ఆ పక్షమున లేము. పైత్యరసము వెడలు దారి లేక కాలేయము చెడిన పసికందు రాత్రులెల్ల ఒడలు గీరికొని యేడ్చును; కడుపు ఉబ్బును; పాలు వంటికి పట్టవు. ఆ యేడ్పును నెలల తరబడి ఒడిలో పెట్టుకొని విన్న తల్లి యేమి కోరినదో తీర్పు చెప్పుటకు నిండు నిద్ర పోయిన మనకు అధికారమెక్కడిది? మన చట్టము అట్టి చావునకు అనుమతి నీయదు. ఆ మనవి పేరునకు చావు కొఱకు గాని, నిజమునకు ఈ బిడ్డను బ్రదికించువారు లేరా యని లోకమును అడిగిన ప్రశ్నయే. అడిగిన వెంటనే సహాయము వచ్చుటయే మా మాటకు సాక్ష్యము.

ఐనను మా మనస్సునకు ఊఱట లేదు. పత్రికలో బొమ్మ పడిన బిడ్డకు సహాయము వచ్చినది. బొమ్మ పడని బిడ్డ మాట యేమి? ఆమె తల్లిదండ్రులకు న్యాయస్థానము దారి తెలియదు, విలేకరి తెలియడు. కరుణ వార్తను బట్టి కదలుచుండునంత కాలము అది కొందఱి యదృష్టమగును గాని అందఱి హక్కు కానేరదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమును మేము మెచ్చుకొనుట ఇందువలననే: పేదవానికి పెద్ద శస్త్రచికిత్స యాచించి పొందవలసినది కాదని అది మొదటిసారి గట్టిగా చెప్పినది.

ఇక చదువరులు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. శిశువులకు కాలేయమార్పిడి అవసరమగుటకు ముఖ్య హేతువు పైత్యనాళములు మూసికొనిపోవుట. కొన్ని వేల జననములలో ఒకచోట ఇది కనబడును. తల్లి గ్రహణము నాడు కూర తఱిగినందువలనగాని, ఉసురు తగిలినందువలనగాని వచ్చునది కాదు. జపానుదేశపు వైద్యుడు కసాయి 1950-60 సంవత్సరముల నడుమ దీనికొక శస్త్రచికిత్స కనిపెట్టెను. పేగును కాలేయమునకు చేర్చి పైత్యరసమునకు క్రొత్త దారి చేయుట దాని పద్ధతి. బిడ్డకు అఱువది దినములు నిండకమునుపు చేసిననే మంచి ఫలమునకు ఎక్కువ ఆశ. అది కుదరనిచో, లేక చేసినను కాలేయము నిలువనిచో, మార్పిడియే గతి.

1963లో అమెరికాలోని డెన్వరు నగరమున స్టార్జల్ అను వైద్యుడు మొట్టమొదటి మార్పిడి చేసెను. రోగి మూడేండ్ల బాలుడు; శస్త్రచికిత్సలోనే మరణించెను. 1967లో అతడే చేసిన మఱియొక బిడ్డ ఏడాదికి మించి జీవించినది. 1989లో ఆస్ట్రేలియాలో ఒక తల్లి కాలేయభాగము కుమారునకు అమర్చి కృతార్థులైరి. పెద్దవారి కాలేయములో ఎడమవైపు చిన్న తునక పసిబిడ్డకు చాలును. ఇచ్చినవారిది కొన్ని నెలలలో మరల పెరుగును. మన దేశమున 1994లో చట్టమేర్పడెను. దాని ప్రకారము అవయవమును అమ్ముటయు, కొనుటయు నేరము. 1998 నవంబరులో కాంచీపురమునకు చెందిన ఇరువది నెలల బాలునకు ఢిల్లీలో తండ్రి కాలేయభాగము నమర్చిరి. ఆ బాలుడు పెరిగి తానే వైద్యుడాయెను.

ఈ చివరి మాటను చెప్పి “చూచితిరా, పెట్టిన సొమ్ము వృథాపోలేదు” అనువారున్నారు. మాకు ఆ లెక్క నచ్చదు. అతడు వైద్యుడు గాక మామిడితోటలో గంపలు మోసినను ఆ సొమ్ము వృథా కాదు. ఒక్క బిడ్డకై పెక్కు లక్షలు వెచ్చించుకంటె ఆ ద్రవ్యముతో వందమందికి మందులీయరాదా యను వాదము కాగితముపై ఒప్పుగనే యుండును. కాని ఆ వాదము చేయువారెవ్వరును తమ బిడ్డ మంచము ప్రక్కన కూర్చుండి చేయరు. అందును ఆడుపిల్ల యైనప్పుడు ఈ పొదుపుమాట మఱింత బిగ్గరగా వినవచ్చును. ఇది మన యూళ్ల సిగ్గు.

తిరువూరు ప్రాంతపు తల్లులకొక మనవి. పుట్టిన బిడ్డ కన్నులు పచ్చబడుట సాధారణమే. రెండు వారములు దాటినను తగ్గనిచో అది సాధారణము కాదు. మూత్రము గుడ్డకు పసుపు మరక వేయుచు, మలము మాత్రము సున్నపుమట్టివలె తెల్లబాఱినచో ఒక్క దినమును జాగు చేయరాదు. పసరు పోయించుట, ఎండ చూపుట, తాయెత్తు కట్టుట అనువానితో నలువది దినములు గడచును, మిగిలినవి ఇరువదియే. విజయవాడకు బస్సు ఉదయమున గలదు. అచ్చటి పిల్లల వైద్యుడు రక్తములోని బిలిరుబిను ఏ రకమో పరీక్షించి చెప్పగలడు. తైవాను దేశమున 2004 మొదలు ప్రతి తల్లికిని మలవర్ణములు చూపు చిన్న అట్ట నిచ్చుచున్నారు. ఖర్చు కాసంత, లాభము కొండంత. మన యూళ్లలోను ప్రతి బాలెంతరాలి చేతికి కాన్పు నాడే అట్టిది చేరవలయునని మా కోరిక.

మార్పిడి యైన యింటిలో బాధ అంతటితో తీరదు. శరీరము క్రొత్త కాలేయమును పరాయిదని త్రోసివేయకుండ జీవితాంతము మందు వేళ తప్పక ఈయవలెను. మాటిమాటికి రక్తపరీక్ష. కాలేయమిచ్చిన తండ్రి కొన్ని నెలలు బరువెత్తరాదు. కోతల కాలమున కూలి పోవును. తల్లి బిడ్డతో హైదరాబాదునందో చెన్నపట్టణమునందో గది అద్దెకు తీసికొని యుండును. పెద్దపిల్లలు అమ్మమ్మ యింటనుందురు. వారి సంగతి ఎవ్వరును తలపరు. శిక్షణ కళాశాలలో మాకు బాలుర మనస్తత్వమును గూర్చి పెక్కు పాఠములు చెప్పిరి గాని, చెల్లెలికి జబ్బుచేసిన బాలుడు లెక్కలలో ఏల వెనుకబడునో తరగతిగదియే చెప్పినది. అట్టి బాలుని బెంచీపై నిలువబెట్టుట దండన కాదు, క్రౌర్యము.

ఇరుగుపొరుగువారు చూడవచ్చుట మన యాచారము. ఆపిళ్లు తెచ్చి, బిడ్డను ఎత్తుకొని ముద్దాడి పోదురు. మార్పిడియైన బిడ్డకు మొదటి నెలలలో ఈ ప్రేమయే ప్రమాదకరము, చిన్న జలుబును ఆమెకు గండము కావచ్చును. వచ్చువారు గడపవద్దనే నిలిచి, పెద్దపిల్లలకు అన్నపు గిన్నె యిచ్చి, తండ్రి చేయవలసిన పొలముపని యొక దినము చేసి పోయిన అది నిజమైన పరామర్శ.

విద్యార్థులారా, ఒకనాడు ఆ బిడ్డ మన పాఠశాలకే రావచ్చును. కడుపుపై గాటు చూచి వింత పేర్లు పెట్టకుడు. ఆటలో చేర్చుకొనుడు గాని కడుపునకు దెబ్బ తగులనీయకుడు. మధ్యాహ్నము మందు వేళను జ్ఞాపకము చేయుటకు ప్రక్కవాడు చాలును. తరగతిలో ఎవ్వరికైనను తట్టుగాని ఆటలమ్మగాని సోకినచో, అది ఆ బిడ్డకు ఇతరులకన్న అధిక ప్రమాదకరము గావున, సాయంకాలపు గంట కొట్టకమునుపే ఆ యింటికి కబురు పంపుట తరగతి యుపాధ్యాయుని పని.