సుబ్బయ్య వేషం ఎవరికివ్వాలి?

పోయిన నెల మన క్లబ్ మీటింగుకి రానివాళ్ల కోసం ముందు జరిగింది చెప్తాను. ఆ రోజు తీసుకున్న పుస్తకం రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’. పుస్తకం గురించి మాట్లాడుకున్నది ఓ ఇరవై నిమిషాలు. తర్వాత వెనక బెంచీలోంచి ఎవరో “దీన్ని ఇప్పుడు సినిమాగా తీస్తే సుబ్బయ్యగా ఎవర్ని పెడతారు?” అన్నారు. అంతే, మిగతా గంటన్నరా దానికే పోయింది. మెస్ మూసే టైమ్ అయింది కాబట్టి ఆగాం గానీ, లేకపోతే తెల్లారేది.

రెండు పార్టీలు తేలాయి. ఒకరిది స్టార్ పార్టీ. “పెద్ద హీరో చేస్తేనే జనం చూస్తారు, జనం చూస్తేనే పుస్తకం కొంటారు” అని. రెండోది లోకల్ పార్టీ. “మనూరి కథ, మనూరోడే చెయ్యాలి. మన యాస రానోడు వద్దు” అని. నేను ఆ రోజు ఎటూ మాట్లాడలేదు. మాట్లాడాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

చదవనివాళ్లకి రెండు ముక్కలు. రావిశాస్త్రి 1922లో పుట్టారు. విశాఖపట్నంలో లాయరుగా పనిచేశారు. ‘అల్పజీవి’ ఆయన మొదటి నవల, 1950ల తొలినాళ్లది. సుబ్బయ్య ఒక ఆఫీసులో గుమాస్తా. పైవాడంటే భయం, ఇంట్లో భయం, గవరయ్య అనే కంట్రాక్టరంటే మరీ భయం. ఎదుటివాడు గట్టిగా మాట్లాడితే చాలు, తప్పు తనదే అనుకుంటాడు. కథలో సగం బయట జరగదు, సుబ్బయ్య బుర్రలోనే జరుగుతుంది. మన సిలబస్ భాషలో చెప్పాలంటే చైతన్య స్రవంతి. కాబట్టి ఈ వేషం వేసేవాడికి డైలాగులు తక్కువ, పని ఎక్కువ.

స్టార్ పార్టీ వాళ్లు ఆ రోజు ‘దేవదాసు’ ఉదాహరణ తెచ్చారు. మంచి ఉదాహరణే. 1953లో వినోదా వాళ్లు శరత్ నవలని వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో తీస్తూ అక్కినేనిని పెట్టుకున్నప్పుడు చాలామంది పెదవి విరిచారు. ‘బాలరాజు’, ‘కీలుగుర్రం’ లాంటి జానపదాల్లో ఆడిపాడిన కుర్రాడు దేవదాసేంటి అని. పైగా హిందీలో సైగల్ దేవదాసు అప్పటికే జనం మనసులో ఉన్నాడు. సినిమా వచ్చాక ఏమైందో మీకు తెలుసు. ఇవాళ్టికీ తెలుగులో దేవదాసు అనగానే ఒకటే మొహం గుర్తొస్తుంది. అప్పుడాయనకి 28 ఏళ్లు, మన సూపర్ సీనియర్ల కన్నా కాస్త పెద్ద.

కానీ దీన్నుంచి నేర్చుకోవాల్సింది ‘స్టార్‌ని పెడితే చాలు’ అని కాదు. అక్కినేని తన పాత ఇమేజిని ఆ పాత్రలోకి తేలేదు. ఓడిపోయే మనిషిని ఓడిపోయేవాడిగానే చూపించాడు. ఆయన్ని నిలబెట్టింది అది.

ఇంకో ఉదాహరణ మన పక్కూరిదే, విజయనగరం గిరీశం. ‘కన్యాశుల్కం’ నవల కాదు, నాటకం, ఒప్పుకుంటాను. కానీ మన ప్రాంతం నుంచి తెరకెక్కిన పాత్రల్లో అంత పేరున్నది ఇంకొకటి లేదు. 1955లో పి. పుల్లయ్య గారి సినిమాలో ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. ఎన్టీఆర్ నటన బాగుంటుంది. నాకున్న ఇబ్బంది వేరే. పుస్తకంలో గిరీశాన్ని చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ‘ఛీ, వీడి మాటలకా నవ్వాను’ అని నా మీద నాకే చిరాకొస్తుంది. సినిమాలో నవ్వే మిగిలింది, చిరాకు రాలేదు. ‘పాతాళ భైరవి’ హీరోని చూస్తే మోసగాడిలా ఎలా కనిపిస్తాడు చెప్పండి? అభిమానం అడ్డొస్తుంది. అక్కినేని దాటిన గోడని ఇక్కడ ఎన్టీఆర్ దాటలేదని నా అభిప్రాయం. అభిమానులు తిట్టొచ్చు, నా రూమ్ నంబర్ మీకు తెలుసు.

దగ్గరి కాలానికొస్తే ‘కొండపొలం’. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవల, తానా బహుమతి పొందింది. 2021లో క్రిష్ సినిమాగా తీశారు. హీరో రవీంద్ర ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం రాక, గొర్రెలతో నల్లమలకి వెళ్తాడు. అంటే మనలో ఒకడే. ఇంటర్వ్యూలో నోరు పెగలని కుర్రాడు. ‘ఉప్పెన’తో అప్పుడే పేరొచ్చిన వైష్ణవ్ తేజ్ చేశాడు. కష్టపడ్డాడు, కాదనను. కానీ అతను పులికి భయపడుతుంటే నేను సీట్లో ధీమాగా కూర్చున్నాను. హీరో కదా, చివరికి నిలబడతాడులే అని. ఆ కథకి అది సరిపోతుంది, ఎందుకంటే అది భయం పోగొట్టుకునే కథ. సుబ్బయ్యకి ఆ ధీమా పనికిరాదు. వాడు నోరు తెరుస్తాడా తెరవడా అన్నది చూసేవాడికి నిజంగా తెలియకూడదు. పోస్టర్ మీద పెద్ద హీరో మొహం ఉంటే ఇంటర్వెల్ తర్వాత గవరయ్యకి దెబ్బలు తప్పవని టికెట్ కొన్నప్పుడే తెలిసిపోతుంది.

మరి లోకల్ పార్టీ? వాళ్ల బలం ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018). వెంకటేష్ మహా కంచరపాలెం జనాన్నే పెట్టుకుని తీసిన సినిమా. ఎటెండర్ రాజుగా సుబ్బారావు గారిని చూస్తే ‘ఈయన మా వీధిలోనే ఉంటారు కదా’ అనిపిస్తుంది. నిజమే. కానీ ఒక తేడా ఉంది. రాజు సినిమా కోసం పుట్టినవాడు. మనం ముందుగా చదివి, బుర్రలో ఒక మొహం గీసుకుని థియేటర్‌కి వెళ్లలేదు. సుబ్బయ్యకి డెబ్భై ఏళ్లుగా ప్రతి పాఠకుడూ ఒక మొహం ఇచ్చాడు. నా సుబ్బయ్యది మా నాన్న ఆఫీసులో ఒకాయన మొహం. ఫైలు ఇస్తున్నప్పుడు కూడా రెండు చేతులూ పెట్టే మనిషి.

యాస సంగతి కూడా అంత తేలిక కాదు. ‘ఏటి’, ‘నాను’ అనేస్తే ఉత్తరాంధ్ర అయిపోదు. గుమాస్తా మాట వేరు, కంట్రాక్టర్ మాట వేరు, హార్బర్లో మాట వేరు. సుబ్బయ్య చదువుకున్నవాడు. జాగ్రత్తగా, మెత్తగా, సగం మింగేసి మాట్లాడేవాడు. వాడి నోట్లో యాస పొంగిపొర్లితే అదీ అబద్ధమే.

అయినా ఈ విషయంలో నా మనసు లోకల్ పార్టీ వైపే. ఎందుకో చెప్తాను. థర్డ్ ఇయర్లో మాకు మాక్ ఇంటర్వ్యూలు పెట్టారు. ప్రశ్న సరిగా వినపడక, కంగారులో “ఏటండీ?” అన్నాను. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ నవ్వారు. చెడ్డగా ఏం కాదు, సినిమాలో కమెడియన్ని చూసి నవ్వినట్టు. తర్వాత అడిగిన నాలుగు ప్రశ్నలకీ జవాబు తెలుసు, చెప్పలేకపోయాను. ఆ రాత్రి అనుకున్నాను, వాళ్లకి ఆ నవ్వు ఎవరు నేర్పారు అని. మన మాట తెర మీద ఎక్కువగా పనివాడి నోట్లోనో, జోకర్ నోట్లోనో వినిపించింది. ‘పలాస 1978’ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ‘అల్పజీవి’ తీసి, అందులో సుబ్బయ్య చేత శుభ్రమైన సినిమా తెలుగు పలికించి, టీ కుర్రాడి చేత మాత్రం యాస పలికిస్తే మళ్లీ అదే పాఠం చెప్పినట్టవుతుంది. బాధపడే హక్కు ఒక భాషకి, నవ్వించే పని ఇంకో భాషకి. అందుకే ఈ వేషం ఎవరిదన్నది నాకు టైంపాస్ ప్రశ్న కాదు.

సరే, నా ఓటు ఎవరికి? సత్యదేవ్‌కి. విశాఖ వాడు, మనలాగే ఇంజినీరింగ్ చదివినవాడు. అర్హత అది కాదు లెండి. ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ (2020) చూడండి. అరకులో ఫొటో స్టూడియో నడిపే మహేష్ నలుగురి ముందు దెబ్బలు తింటాడు. ఆ తర్వాత అతను జనం వైపు చూడలేక చూసే చూపు ఉంది చూశారా, అది సుబ్బయ్య చూపుకి దగ్గర. మహేష్‌కి శపథం ఉంది, సుబ్బయ్యకి అలాంటివేం లేవు. ఆ చూపు రెండు గంటలూ నిలబెట్టగలడా అన్నదే నా అనుమానం.

అందుకే ఎవరైనా సరే, ఒకటే ఆడిషన్ పెట్టాలంటాను. గవరయ్య దగ్గర అప్పు అడగాల్సిన సీను ఇవ్వండి. డైలాగులు తీసేయండి, వెనక వాయిస్ ఓవర్ కూడా వద్దు. గవరయ్య ఎదురుగా నిలబడి, అడగబోయి, ఆగి, మళ్లీ అడగబోయే మనిషిని చూపించమనండి. చూస్తున్న మనకి గొంతు ఎండిపోతే వేషం వాడిదే, స్టార్ అయినా, కంచరపాలెం కుర్రాడైనా.

మీ ఓట్లు వచ్చే మీటింగులో చెప్పండి. కానీ ఓటేసే ముందు పుస్తకం చదివి రండి, ఆ రోజు గట్టిగా అరిచినవాళ్లలో సగం మంది చదవలేదని నాకు తెలుసు. మన లైబ్రరీలో రెండు కాపీలున్నాయి. ఒకటి నా దగ్గరే ఉండిపోయింది, సోమవారం ఇచ్చేస్తాను.